రేపల్లె బిల్డింగు

రేపల్లె బిల్డింగును లెక్కల్లో పాత విలువకే చూపిస్తే కుదరదని కరుణ ఈ ఏడు కూడా అంది.

రామకృష్ణ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. తెనాలిలో అతనికున్న కాంప్లెక్సులోనే మేడ మీది గది అతని ఆఫీసు. కింద దుకాణాలన్నీ అద్దెలకున్నాయి. బాపట్లలో ఎప్పుడో కొన్న గోడౌన్‌ని నిరుడు మంచి లాభానికి అమ్మాడు. కొన్నప్పటి ధర, ఏటా తరిగిన విలువ, అమ్మకం మీద వచ్చిన లాభం, దాని పన్ను అన్నీ కరుణే చక్కబెట్టింది. పేచీ ఎప్పుడూ రేపల్లె దగ్గరే.

కరుణ ఆడిటర్ గారి ఆఫీసు మనిషి. యాభై దాటి ఉంటాయి. రెండేళ్ల కిందట ఈ ఫైలు తనే అడిగి తీసుకుందని ఆడిటర్ చెప్పాడు. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడదు.

"అమ్మితే ఎంతొస్తుంది, ఉంచుకుంటే ఎంతొస్తుంది, రెండిట్లో ఎక్కువేదో చూడాలండి. అది కూడా మన పుస్తకాల్లో ఉన్న విలువ కంటే తక్కువైతే, ఆ తేడా నష్టం కింద రాసేయాలి" అంది. "జరిగిన నష్టాన్ని జరగనట్టు చూపించకూడదండి."

పోనీ ఒకసారి వెళ్లి చూసి రమ్మని, కారు పంపిస్తానని అన్నాడు రామకృష్ణ. అక్కర్లేదు, చూశానంది. ఆస్తికి విలువ కట్టే వాల్యూయర్ తీసిన ఫొటోల్లో చూసి ఉంటుందనుకున్నాడు.

ఆమె పెన్ను తీసింది.

"విలువ పడిపోడానికి కారణం రాయాలండి. ఏం రాయమంటారు?"

"లిఫ్టు పాడైందని రాయమ్మా."

కరుణ రాయలేదు. పెన్ను పక్కన పెట్టేసింది.

అప్పుడు చెప్పాడు రామకృష్ణ. ఇంట్లో వాళ్లతో కూడా ఎత్తని సంగతి ఈమెకెందుకు చెబుతున్నాడో అతనికే తెలియలేదు. ఆ బిల్డింగు మూడో అంతస్తులో బట్టల షాపు ఉండేది. ఫిన్నీ అనే కుర్రాడు అందులో సేల్స్‌లో ఉండేవాడు. లిఫ్టు ఏదో శబ్దం చేస్తోందని షాపు వాళ్లు ఫోన్ చేశారు. పండగ బేరాలు అయిపోనివ్వండి, తర్వాత బాగు చేయిద్దామన్నాడు రామకృష్ణ. పండగ ఇంకా రానేలేదు. బట్టల మూటలు పైకి తీసుకెళ్తున్న ఫిన్నీతో సహా లిఫ్టు తెగి పడింది. పరిహారం సంగతి లాయరు మాట్లాడాడు. కుర్రాడి మేనమామ వచ్చి సంతకం పెట్టి వెళ్లాడు. సమాధి దగ్గరికి వెళ్లడానికి రామకృష్ణకు మొహం చెల్లలేదు. తర్వాత దుకాణాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మళ్లీ ఎవరూ అద్దెకు రాలేదు.

కరుణ తలెత్తకుండా అడిగింది. "మరి కొంటామని వచ్చినవాళ్లకి ఎందుకివ్వలేదండి?"

"ఆ కుర్రాడి తల్లి ప్రతి ఆదివారం మధ్యాహ్నం రైలుకొచ్చి మెట్ల మీద కూర్చుంటుందంటమ్మా. సాయంత్రం రైలు దాకా. కాపలా ఉండే దానమ్మ చెప్పింది. నేనెప్పుడూ ఆవిణ్ణి చూళ్లేదు. చూసే ధైర్యం లేదు. కొన్నవాళ్లు బిల్డింగు కొట్టేస్తారు. ఆవిడ ఎక్కడికెళ్లి కూర్చుంటుంది చెప్పు?"

కరుణ కాగితాలు ఒక్కొక్కటే దొంతి పెట్టింది.

"ఆవిడ కోసం ఉంచామని లెక్కల్లో రాయలేమండి" అంది చివరికి. "అమ్మేయండి సార్. బిల్డింగు లేకపోతే ఆవిడ రాదు."

ఆ మాట రామకృష్ణకు గుచ్చుకుంది. అంకెలతో బతికేవాళ్ల మనసు ఇలా బండబారిపోతుంది కాబోలనుకున్నాడు. కానీ అప్పిచ్చిన బ్యాంకు వాళ్లు కూడా ఆ ఆస్తి సంగతి తేల్చమని ఒత్తిడి తెస్తున్నారు. నెల తిరక్కుండానే బేరం కుదిరింది. శుక్రవారం రిజిస్ట్రేషన్ అయింది. కొన్నాయన సోమవారం నుంచే కూల్చేపని పెట్టుకున్నాడు.

శనివారం కరుణ వచ్చి అమ్మకం లెక్క రాసింది. ఆస్తుల్లోంచి రేపల్లె పేరు తీసేసింది.

"అయిపోయిందండి" అంది. గొంతు బొంగురుగా ఉంది. జలుబు చేసిందేమో అనుకున్నాడు.

ఆదివారం రామకృష్ణ ఒక్కడే రేపల్లె వెళ్లాడు. కూల్చేలోగా ఆ తల్లిని చూడాలి. ఆమె ముందు చేతులు జోడించాలి. ఏం అనాలో దారి పొడుగునా మనసులో అనుకున్నాడు.

మెట్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం రైలు వచ్చింది. స్టేషన్ వైపు నుంచి వచ్చే ఆడవాళ్లందరి మొహాల్లోకీ చూశాడు. ఒక్కరూ అటు తిరగలేదు.

దానమ్మ వచ్చి పక్కన నిలబడింది. "వాన కురిసినా మానేది కాదండి ఫిన్నీ వాళ్లమ్మ. ఈ వారమే రాలేదు."

రామకృష్ణ చటుక్కున మెట్ల మీంచి లేచాడు. అమ్మేసిన సంగతి ఆమె చెవిన పడి ఉంటుంది. కొడుకును దూరం చేసింది చాలక, ఆ కాస్త చోటూ లేకుండా చేశాడు తను. కరుణ మాట వినకుండా ఉండాల్సింది.

ఆమెది ఏ ఊరని అడిగాడు. కొలకలూరని, చర్చి వెనక సందులో ఫిన్నీ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారని చెప్పింది దానమ్మ.

ఎండ ఇంకా ఉండగానే కొలకలూరు చేరాడు. సందు మొదట్లో కారు ఆపి నడిచాడు. మూలనున్న కిళ్లీ కొట్టతను అడగ్గానే చేయెత్తి చూపించాడు. చిన్న డాబా. తలుపు వేసి ఉంది. దారిలో అనుకున్న మాటలన్నీ మర్చిపోయాడు. తలుపు తట్టి, తల వంచుకుని నిలబడ్డాడు.

తలుపు తీసింది కరుణ.