బామ్మర్దికి జవాబు కార్డు

బామ్మర్దీ, ఆ రోజు పిల్లవాడు అడ్డం వస్తే నా బస్సుకు బ్రేకు వేశాను. వెనక కారువాడొచ్చి గుద్దాడు. ట్రాఫిక్ పోలీసువై వచ్చిన నువ్వు నా మీదే నిర్లక్ష్యపు డ్రైవింగ్ కేసు రాశావు. ఏళ్లు గడిచినా ఆ మంట చల్లారలేదు.

"వాడు అంత దగ్గరగా ఎందుకొచ్చాడో అడగవేంరా?" అన్నాను.

"చట్టం నాకు నేర్పకు బావా. ఉన్నట్టుండి ఆపినవాడిదే తప్పు. నోరు మూసుకుని సంతకం పెట్టు," అన్నావు జనం ముందు. నా ఉద్యోగం ఊడింది.

మొన్న కుక్క అడ్డం వచ్చి నువ్వు కారు ఆపావు. వెనక లారీ గుద్దింది. కేసు నీ మీదే పడింది. టీ కొట్టు ముందు కూర్చుని ఆ కుక్కను చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. "బావను సాక్ష్యం చెప్పమనక్కా" అని మీ అక్క దగ్గర ఏడ్చావట.

శనివారం కోర్టుకు తప్పకుండా వస్తాను. చట్టం తెలియనివాణ్ణి, నువ్వే నేర్పు. తప్పు ఆపినవాడిదా, వెనక గుద్దినవాడిదా? జవాబు కార్డు జత చేశాను. నీ చేత్తో రాసి, నోరు మూసుకుని సంతకం పెట్టు.

శుక్రవారంలోగా అది నా చేతికి రాకపోతే, ఆ రోజు నువ్వు నేర్పిన చట్టమే జడ్జిగారికి ఒప్పజెబుతాను.