కారణం: భయం

ఉదయం ముఖం కడుక్కునేటప్పుడే అద్దం ఒళ్ళంతా పరీక్షించేస్తుంది. ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ అంతే. పరుపులు కుట్టే కాశింబికి కుడి రొమ్ములో గడ్డ తగిలి వారమైంది. అద్దం మాత్రం రోజూ ఒకే మాట అంటోంది.

"మీ రొమ్ము కణజాలం దట్టమైనది. చిత్రమంతా తెల్లగా ఉంది. గడ్డేమీ కనిపించలేదు."

"తెల్ల దూదిలో తెల్ల ఉండ నీకెట్టా కనపడుద్ది? నా చేతికి తగుల్తా ఉంది. పెద్ద స్కాన్‌కి రాయి."

"నాకేమీ కనిపించకుండా స్కాన్‌కి రాస్తే, కారణం 'భయం' అని నమోదవుతుంది."

ఆ ముద్ర పడినవాళ్ళు తర్వాత ఏ నొప్పి చెప్పినా అద్దాలు నమ్మవు. ఆడబిడ్డ సైదాబి గుమ్మంలోంచి బతిమాలింది.

"వద్దు వదినా! మా అత్తకి ఆ ముద్ర పడ్డాక, కాలు విరిగిందన్నా ధైర్యం చెప్పే పాటలే పెట్టింది అద్దం."

కాశింబికి నవ్వొచ్చింది. నవ్వు కింద భయం నిజంగానే ఉంది. వారంగా దాన్ని సిగ్గుపడి దాచుకుంది. వేళ్ళకి తెలిసిన సంగతే భయమూ చెబుతోందని ఇప్పుడనిపించింది.

"భయమనే రాసుకో," అంది అద్దంతో. "దాని కిందే రాయి. గడ్డ ఉంది, చంక దగ్గర, శనగగింజంత. రాసిందాకా ఇక్కణ్ణించి కదల్ను."

చాలాసేపటికి అద్దం రెండూ నమోదయ్యాయని చెప్పింది.

"సరే, స్కాన్ ఎప్పుడో తేదీ చెప్పు," అంది కాశింబి.