శ్రావ్యమైన కంఠం

మా ఫిజీ పల్లెల్లో అతిథి దేనిని పొగిడితే ఆతిథేయి దానిని ఇచ్చివేయాలి, అతిథి కాదనరాదు. అందుచేత మిత్రుడు ఇసికేలి ఇంట దేనినీ పొగడరాదని నిశ్చయించుకొని వెళ్లాను. యంగోనా అనే వేరు పానీయం చిప్ప అందుకొని, ఆచారం ప్రకారం చప్పట్లు చరిచి, మౌనంగా కూర్చున్నాను.

"ఏం బావా, గొంతులో చేపముల్లు గుచ్చుకుందా?" అన్నాడు ఇసికేలి.

తల అడ్డంగా ఊపాను. అంతలో ఒక ఎర్రపుంజు నా ఒడిలోకెక్కి చెవులు చిల్లులు పడేటట్లు కూసింది. అప్పటికీ నోరు విప్పలేదు.

"ముప్పై ఏళ్లు ఒకే బళ్లో పాఠాలు చెప్పాం. మా ఇంట్లో నీకు నచ్చింది ఒక్కటీ లేదా?" ఇసికేలి కళ్లు చెమర్చాయి.

ఇక స్నేహం నిలవాలంటే వేరే దారి లేదు. "పుంజు కంఠం శ్రావ్యంగా ఉన్నది" అన్నాను.

"అయితే పట్టుకుపో!" ముందే అల్లి ఉంచిన కొబ్బరాకుల బుట్టను తలుపు వెనుక నుంచి తీశాడు.

బస్సు కదులుతుండగా కిటికీ దగ్గరకు పరుగెత్తుకొని వచ్చి, "ఏడాదిగా నాకు నిద్ర లేదు బావా, ఇక నీ వంతు!" అని అరిచాడు.

కిందటేడు అతడు మా ఇంటికి వచ్చినప్పుడు, "ఈ పుంజు ఈకలు ఎంత సొగసుగా ఉన్నవో చూడు!" అని నాలుగుసార్లు రెట్టించి "అవును" అనిపించినవాణ్ణి నేనే.