పాల వరస

సమ్రీన్ ఒడిలో పరాయి పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

పక్క వాటాలో ఉండే మహజబీన్ కాన్పయిన నెలకే చనిపోయింది. ఆమె భర్త ముస్తాక్ లారీ డ్రైవరు.

"రెండేళ్లు పెంచండి భాభీ. మళ్లీ నేనే తీసుకపోతా" అంటూ పాపను ఒడిలో పెట్టి, జవాబు కోసం వాకిట్లో నిలబడ్డాడు.

సమ్రీన్ కొడుకు జునైద్ ఇంకా పాలు తాగే పిల్లాడే.

"డబ్బా పాలు కక్కేస్తాంది అత్తమ్మా. నేను పట్టనా?"

"పడితే అయిపోయినట్టే" అంది అత్త రహమత్‌బీ. "నీ పాలు తాగితే నీ కూతురే. జునైద్‌కు చెల్లెలే. ఇంక తెంపుకోలేవు."

"తెంపుకోకుంటే ఏమి?"

"మనోడికి పాలు చాలకపోతే? రేపు వాళ్ల నాయనొచ్చి ఎత్తుకపోతే? అప్పుడేడ్చేది నువ్వే."

సమ్రీన్ భయమూ అదే. తల వంచుకుంది.

అప్పుడే చింతపండు అమ్మే రోశమ్మ గుమ్మం ముందు గంప దించింది. వెలిగండ్ల నుంచి అప్పుడప్పుడూ వచ్చే ముసలామె.

"ఇద్దరు బిడ్డలుంటే ఇద్దరికీ వస్తాయి తల్లీ పాలు. నాకు రాలేదా? పట్టు, భయపడొద్దు."

రహమత్‌బీ ఉలిక్కిపడింది.

"నిన్నెవురడిగినారు? చింతపండు అమ్ముకునేదానివి అమ్ముకో. ఎత్తు గంప!"

రోశమ్మ గంప తనే ఎత్తుకుని పోయింది.

సమ్రీన్ పాపను ముస్తాక్ చేతికిచ్చేసింది.

"నాకు ధైర్యం చాల్లేదన్నా."

సాయంత్రానికల్లా పాప మార్కాపురంలోని అనాథాశ్రమానికి చేరింది.

వారం తిరక్కముందే సమ్రీన్ భర్త ఫిరోజ్ దుకాణం నుంచి వచ్చి అన్నాడు:

"అమ్మీ, ఆ చింతపండు రోశమ్మ చనిపోయిందంట."

రహమత్‌బీ లేచి బురఖా అందుకుంది.

"ఆటో పిలువు. మట్టికి పోవాల."

"మనమా? చింతపండు అమ్మే ఆమె మట్టికా?"

"ఇన్నేళ్లూ ఆమెను గడప దాటనియ్యలేదు నేను. నువ్వు నన్నిడిచి ఆమె వెంటబడతావేమోనని భయం."

"నేనా? ఆమె వెంటనా? ఏందమ్మీ నువ్వనేది?"

రహమత్‌బీ కోడలి వైపు చూడలేకపోయింది.

"నాకు పాలు పడకపోతే, తన బిడ్డతో పాటు నీకూ ఏడాదిదాకా చన్నిచ్చింది ఆమెనే నాయనా... కొడుకువి, నువ్వు మట్టెయ్యాల."