సంతరోజు వదులయ్యే బంపరు

నా పాత కారు ముందు బంపరు సరిగ్గా చండ్రుగొండ సంతరోజునే వదులవుతుంది. అది గడగడలాడుతున్నా, కారును నేనే నడుపుకుంటూ వెళ్లి భవాని షెడ్డు ముందు ఆపుతాను.

తండ్రి పోయాక ఆ మెకానిక్ షెడ్డును భవాని ఒక్కతే నడుపుతోంది. ఆడపిల్ల చేతికి బండి అప్పగించడానికి జనం జంకారు. ఎండాకాలంలోగా పని దొరక్కపోతే మూసేయడమేనని ఒకసారి నాతో అన్నది.

యాభై ఏళ్లనాటి కారు కనబడితే సంతకు వచ్చినవాళ్లు ఆగకుండా ఉంటారా? చుట్టూ మూగి, కారు కింద పడుకుని బోల్టులు బిగిస్తున్న పిల్లను వింతగా చూసేవారు.

"గింత పాత కారునే బాగుజేస్తాందంటే మన బండెంత!" అన్నాడొకడు, పోయిన సంతలో.

నిన్న భవాని కారు కిందినుంచి లేచి చేతులు తుడుచుకుంది.

"మేడం, బోల్టుల మీద కొత్త గీతలున్నయి. గవి నా పానా గీతలు కావు."

నేను ఎదుటి మిరపకాయల రాశిని శ్రద్ధగా పరిశీలించాను.

"గీసారి డబుల్ నట్టు ఏసిన. మీ చేతులకు రాదు." నవ్వుతూ వెనక్కి చూపించింది. "గా లైను జూడున్రి, అన్నీ నాకోసమొచ్చిన బండ్లే. ఇగ మీరు తిప్పలపడకున్రి."

మోటారు సైకిళ్ల వెనక ఒక ట్రాక్టరు కూడా నిలబడి ఉంది. నేను గంభీరంగా స్టీరింగు ముందు కూర్చున్నాను.

"మంచిది. వచ్చే సంతకు వెనక బంపరు సంగతి చూడాలి."

"దానికేమైంది మేడం?"

"ఇంకా ఏమీ కాలేదు."