రెండో డిస్కులో పాత విండోస్

"ఈ పాత విండోస్ తీసెయ్ మోహిత్. దీనివల్లే సిస్టమ్ నత్తలా నడుత్తంది. ఉప్మాక ఊరి పెళ్లివాళ్లు మధ్యాహ్నానికి కార్డుల కోసం వచ్చేత్తారు," అంది రోజలిన్.

"రెండో డిస్కులో ఓ మూల పడుందిలే. ఉండనీ," అన్నాడు ఆమె భర్త కృపాకర్. కుర్చీలో కుదురుగా కూర్చోలేక డీటీపీ షాపు గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వచ్చాడు.

"ఏటుందండీ అందులో? ఫైళ్లన్నీ కొత్త విండోస్‌లోకి తెచ్చేసేం. మూడేళ్లుగా దాన్ని ముట్టుకున్నోళ్లే లేరు."

రిపేరుకొచ్చిన మోహిత్ మౌస్ మీద చెయ్యి ఆపాడు. "అక్కా, దీన్ని రోజూ వాడతన్నారు. ఈ పొద్దున్న ఆరింటికి కూడా తెరిసేరు."

రోజలిన్ భర్త వైపు తిరిగింది. పొద్దున్నే షాపు తీసేది ఆయనే.

"కొత్త విండోస్‌లో అక్షరాల చోట్లు మారిన కీబోర్డు మీద టైపు సెయ్యడం వచ్చేసిందన్నారు కదా?"

కృపాకర్ వేళ్లు విరుచుకున్నాడు. "రాలేదు. పాత దాంట్లోనే టైపు సేసి, కన్వర్టర్‌లో కొత్త ఫాంటులోకి మార్చి, కొత్త దాంట్లో పెడతన్నాను."

"నాకు సెప్పొచ్చు కదా?"

"మొదటి వారం అక్షరాలు ఎతుక్కుంటంటే నవ్వేవు. కస్టమర్లు కూడా నవ్వేరు."

ఆ నవ్వు రోజలిన్‌కి గుర్తే లేదు.

"మోహిత్, ఈవేళ వదిలెయ్. వచ్చే నెల రా," అంది.

అతను వెళ్లాక స్టూలు లాక్కుని భర్త పక్కన కూర్చుంది. కొత్త విండోస్ తెరిచి, కీబోర్డు ఆయన ముందుకు జరిపింది.

"ముందు నా పేరు కొట్టండి."

'ర' కోసం ఆయన వేలు కీబోర్డంతా తిరిగింది. రోజలిన్ నవ్వలేదు.