పసుపు గీత

“బామ్మగారూ, ఆ కుర్చీ తీసెయ్యండి. గీత అవతల పడింది,” అన్నాడు అపార్ట్‌మెంట్ సెక్రటరీ.

“గీత నిన్న పుట్టింది నాయనా. నా కుర్చీకి పదేళ్లు,” అంది బామ్మ.

కాంక్రీటు డబ్బాలు పేర్చినట్టుండే ఆ భవనంలో ఎండ దొరికేది పొడవాటి వరండాలోనే. బామ్మ ఇంట్లోకి దోమలొస్తాయి గానీ ఎండ రాదు.

గీత వేస్తున్నది ఒక చిత్రకారిణి. ‘ఎంత నాది, ఎంత మనది’ అని దానికో పేరు కూడా పెట్టింది. భవనం కట్టినప్పటి ప్లాను చూసుకుంటూ, ఇల్లు ఎక్కడ ఆగుతుందో, వరండా ఎక్కడ మొదలవుతుందో నేల మీద పసుపు రంగుతో గీసుకుంటూ పోవడమే పని. “ఇదీ ఒక కళేనా?” అని మొదట నవ్విన సెక్రటరీకి, గీత అవతల పడ్డ చెప్పుల స్టాండ్లు చూడగానే మొహంలో కళ వచ్చింది. ‘గీత ఎటు పోతే అటు పోనివ్వాలి. ఎవరూ అడ్డు రాకూడదు’ అని రాసి, సంతకం చేసి, లిఫ్టు పక్కన అంటించాడు. స్టాండ్లు లోపలికి పోయాయి. ఒకరి వాషింగ్ మెషీన్ మూలుగుతూ పోయింది. మిగిలింది కుర్చీ.

“మరి నేనెక్కడ కూర్చోను?”

“మీ ఇంట్లో. వరండా అందరిదీ.”

“ఆ అందరిలో నేను లేనా?”

“అందరిదీ అంటే ఎవరూ వాడకూడదని బామ్మగారూ. రూలంటే రూలే.”

బామ్మ కుర్చీ మడిచి చంకలో పెట్టుకుంది. సెక్రటరీ ఛాతీ ఒక అంగుళం పెంచుకుని వరండా చివర తన ఇంటికి నడిచాడు. చిత్రకారిణి అతని గుమ్మం ముందే మోకాళ్ల మీద కూర్చుని ఉంది.

“కాస్త తలుపు తీయిస్తారా?”

“మంచినీళ్లు కావాలా అమ్మా?”

“కాదండి, గీత లోపలికి పోవాలి. ప్లానులో మీకు హాలు లేదు. ఆ చివరి కిటికీ దాకా వరండాయే.”

సెక్రటరీ నోరు తెరిచాడు. తలుపు అతని భార్య తెరిచింది. “గోడ ముందుకు జరిపిన రోజే మొత్తుకున్నాను, విన్నారా?” అంది.

“అమ్మా, ఇక్కడితో ఆపెయ్యి,” అన్నాడు సెక్రటరీ.

“లిఫ్టు పక్కన మీ సంతకం ఉందండి,” అంది చిత్రకారిణి, బ్రష్షు ముంచుతూ.

గీత టీవీ ముందు నుంచి కిటికీ దాకా పోయింది. కిటికీ నిండా ఎండ. గీత వెంటే లోపలికొచ్చి, ఆ ఎండలో కుర్చీ విప్పుకుని, తీరిగ్గా సర్దుకుని కూర్చుంది బామ్మ.

“ఆ సోఫా తీసెయ్యి నాయనా. గీత అవతల పడింది.”